2008 టయోటా ప్రియస్ హైబ్రిడ్, 1,87,000 మైళ్ళు, పీ0ఏ80 కోడ్ (హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ మార్చమనేది): ఒక్క మాడ్యూల్ చాలా, ప్యాక్ మొత్తం మార్చాలా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. ఉండేది డల్లాస్‌లో. పది రోజులుగా డ్యాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం ఆరడం లేదు. స్క్రీన్‌లో బ్యాటరీ గీతలు పచ్చగా నిండుగా ఉంటాయి, రెండు సిగ్నళ్ళు దాటేసరికి అడుగున రెండు గులాబీ గీతలే మిగులుతాయి. హైవే ఎక్కితే ఐదు నిమిషాల్లో మళ్ళీ నిండిపోతాయి. వెనక సీటు పక్కనుంచి ఫ్యాన్ హోరు. గ్యాలన్‌కి 44 మైళ్ళు వచ్చేది 36కి దిగింది. స్కాన్ చేస్తే పీ0ఏ80, దానితోపాటు పీ3016 వచ్చాయి. ఒక షాపువాళ్ళు పాడైన మాడ్యూల్ ఒక్కటే మారిస్తే చాలంటున్నారు, ఇంకొకరు ప్యాక్ మొత్తం అంటున్నారు. 12 వోల్టుల బ్యాటరీ వల్ల కూడా ఇలా అవుతుందా? మల్టీమీటర్, సాకెట్ సెట్ ఉన్నాయి, సొంతంగా చేయగలిగితే చేద్దామని ఉంది.

హైవోల్టు:
12 వోల్టుల బ్యాటరీని అనుమానించకండి గోదారిగట్టు గారూ. అది నీరసిస్తే సంబంధం లేని లైట్లన్నీ వెలుగుతాయి, బండి రెడీలోకి (నడవడానికి సిద్ధమయ్యే స్థితికి) రాదు. గీతలు ఇలా నిమిషాల్లో పడి లేవడం పెద్ద బ్యాటరీ సామర్థ్యం తగ్గిపోయిన లక్షణం.

మీ ప్యాక్‌లో 28 నికెల్ మెటల్ హైడ్రైడ్ మాడ్యూళ్ళుంటాయి. ఒక్కోదాంట్లో 1.2 వోల్టుల సెల్స్ ఆరు, అంటే మాడ్యూల్‌కి 7.2, మొత్తం 201.6 వోల్టులు. బ్యాటరీ ఈసీయూ (దాన్ని కనిపెట్టే కంప్యూటర్) వాటిని రెండేసి కలిపి 14 బ్లాకులుగా చూస్తుంది. పీ3011 మొదటి బ్లాక్, పీ3024 పద్నాలుగోది, కాబట్టి మీది ఆరో బ్లాక్. ఆ రెండు మాడ్యూళ్ళలో ఏది పోయిందో కోడ్ చెప్పదు.

విప్పే ముందు లోడ్ మీద చూడండి. బండి స్కాన్ సాకెట్‌లో బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో డాక్టర్ ప్రియస్ యాప్ గానీ, ల్యాప్‌టాప్‌లో టయోటావాళ్ళ టెక్‌స్ట్రీమ్ సాఫ్ట్‌వేర్ గానీ తెరవండి. బండి ఊరికే నిలబడి ఉంటే 14 బ్లాకులూ దగ్గరదగ్గరగానే కనిపిస్తాయి, అది చూసి మోసపోవద్దు. ఫోన్ పక్క సీట్లోవాళ్ళ చేతికిచ్చి ఫ్లైఓవర్ ఎత్తు మీదికి గట్టిగా లాగించండి, దిగేటప్పుడు బ్రేకు మీద ఛార్జ్ అవనివ్వండి. తేడా 0.3 వోల్టు లోపుంటే కంగారు లేదు. ఒకే బ్లాక్ మిగతావాటికంటే 1.2 వోల్టుల దాకా కిందికి జారితే అందులో ఒక సెల్ చచ్చినట్టే. లోపలి నిరోధం పెరిగిన బ్లాక్ అయితే లాగేటప్పుడు అందరికంటే కిందికి పోతుంది, ఛార్జింగ్‌లో అందరికంటే పైకి లేస్తుంది.

ఒక మెలిక ఉంది. ఒక బ్లాక్ తక్కువ, దాని పక్క బ్లాక్ సరిగ్గా అంతే ఎక్కువ చూపిస్తే బ్యాటరీని తప్పుపట్టకండి. ఆ రెంటి మధ్య వోల్టేజీ చదివే సన్న తీగ దగ్గర చిలుం పట్టి ఉంటుంది. ఆ తీగ రెండు బ్లాకులకూ ఉమ్మడి కాబట్టి ఒకదాని లెక్క ఇంకోదానికి పోతుంది. ఇది తెలియక బాగున్న మాడ్యూళ్ళు మార్చేస్తుంటారు.

అలాగే బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్. వెనక సీటు పక్క కుడివైపున్న గాలి జాలీ వెనకాల ఉంటుంది. రెక్కల మధ్య దుమ్ము, కుక్క వెంట్రుకలు చేరి ముద్దలా గడ్డకడతాయి. గాలి అందకపోతే ముందు ఉడికేవి ప్యాక్ నడిమి మాడ్యూళ్ళే. ఫ్యాన్ శుభ్రం చేయకుండా కొత్త ప్యాక్ వేస్తే టెక్సస్ ఎండల్లో దాని గతీ అంతే.

స్పానర్‌పట్టు:
రోగం ఏమిటో పైన చెప్పేశారు. ఒక్క మాడ్యూల్ మార్చడం మాత్రం వద్దు. మిగతా 27 కూడా అదే వయసువి, అదే వేడిలో నలిగినవి. ఎక్కువ సామర్థ్యమున్నది ఒకటి తెచ్చి మధ్యలో పెడితే ఈసీయూ దృష్టిలో తర్వాతి బలహీనమైనది బయటపడుతుంది. కొన్ని నెలలకు ఇంకో కోడ్, మళ్ళీ విప్పడం. పాత మాడ్యూళ్ళు ఏరి కూర్చిన రిఫర్బిష్డ్ ప్యాక్‌ది కూడా ఇదే కథ. బండి ఇంకో నాలుగేళ్ళు నడపాలంటే కొత్త ప్యాకే. అంతకుముందు ఇంజిన్ ఆయిల్ ఎంత తాగుతోందో, ఇన్వర్టర్ కూలెంట్ పంపు తిరుగుతోందో చూసుకోండి. రిజర్వాయర్ మూత తీస్తే కూలెంట్ సుడి తిరుగుతూ కనిపించాలి.

ఇక పని. డిక్కీ తలుపు తెరిచే ఉంచండి, దాని తాళం కరెంటుది, 12 వోల్టులు తీశాక బయటినుంచి తెరుచుకోదు. బండి ఆఫ్ చేసి, తాళంచెవి దూరంగా పెట్టి, 12 వోల్టుల నెగెటివ్ విప్పండి. 1000 వోల్టులకు పనికొచ్చే క్లాస్ 0 రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని, గాలి ఊది చిల్లులు లేవని చూసుకున్నాకే, ప్యాక్‌ని మధ్యలో తెంపే నారింజ రంగు సర్వీస్ ప్లగ్ లాగి జేబులో వేసుకోండి. ఇన్వర్టర్ కెపాసిటర్లు ఖాళీ అవడానికి కనీసం 5 నిమిషాలు, మీరు 10 ఆగండి. తర్వాత కేబుళ్ళ దగ్గర మీటర్ పెట్టి సున్నా వచ్చిందని చూసి ముట్టుకోండి.

ప్లగ్ లాగితే ప్యాక్ చావదు, తెగుతుంది అంతే. లోపలి ఒక ముక్కలోనే వంద వోల్టులు దాటి ఉంటాయి. ఉంగరాలు, గడియారం తీసేయండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. ప్యాక్ సుమారు 39 కిలోలు, ఇద్దరు పట్టాలి.

మాడ్యూళ్ళను కలిపే బస్‌బార్లు చూస్తే మీకే తెలుస్తుంది: రాగి పట్టీలు పచ్చగా, నల్లగా పొడి రాలుతుంటాయి. కొత్తవి వేయడం మేలు, లేదంటే స్కాచ్‌బ్రైట్‌తో ఎర్రటి రాగి తేలేదాకా రుద్దండి. నట్లు 8 మిల్లీమీటర్లవి, బిగింపు 5.4 న్యూటన్ మీటర్లే. ఇంచ్-పౌండ్ రెంచ్ మీద 48. చేతివాటంగా బిగిస్తే స్టడ్డు మాడ్యూల్‌లోంచి ఊడి వస్తుంది, వదులైతే లోడ్ మీద వేడెక్కి కరుగుతుంది. బస్‌బార్లు పెట్టాక ప్రతి జంటనూ మీటర్‌తో కొలవండి. 15 వోల్టుల చుట్టుపక్కల రావాల్సిన చోట దాదాపు సున్నా వస్తే ఒక మాడ్యూల్ తిరగేసి పెట్టారన్నమాట. అప్పుడు ప్లగ్ పెట్టొద్దు.

మాడ్యూల్ కారి తెల్లటి తడి కనిపిస్తే అది క్షారం. 20 లీటర్ల నీళ్ళకు 800 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి తుడవాలి.

చివర్లో సర్వీస్ ప్లగ్‌కి మూడు కదలికలు: లోపలికి తొయ్యాలి, పిడి పైకి లేపాలి, కిందికి జరపాలి. ఆ మూడోది మరిచిపోతే పీ0ఏ0డీ కోడ్ వచ్చి బండి రెడీలోకి రాదు.

మూసీపక్క:
హైదరాబాదులో 2014 కామ్రీ హైబ్రిడ్‌కి కూడా ఇదే లెక్కా అన్నా?

హైవోల్టు:
పద్ధతి అదే తమ్ముడూ, అంకెలు వేరు. దాంట్లో 34 మాడ్యూళ్ళు, 17 బ్లాకులు, 244.8 వోల్టులు. ప్లగ్ లాగాక 10 నిమిషాలకు తగ్గకుండా ఆగు. వెనక సీటు దగ్గరి గాలి జాలీకి బ్యాగులు, దిండ్లు అడ్డం పెట్టకు.

గోదారిగట్టు:
ఫ్లైఓవర్ మీద చూశాను. మిగతావి 15.1 దగ్గరుంటే ఆరోది 13.8కి పడింది, తొమ్మిదోది కూడా 14.5. ఛార్జింగ్‌లో ఆ రెండే ముందు పైకి లేస్తున్నాయి. పక్క బ్లాకులు మామూలుగానే ఉన్నాయి.

స్పానర్‌పట్టు:
పక్కవి మామూలుగా ఉన్నాయంటే తీగ తప్పు కాదు. ఆరోదాంట్లో సెల్ పోయింది, తొమ్మిదోది క్యూలో ఉంది. కొత్త ప్యాక్ ఆర్డర్ పెట్టండి. పెట్టేటప్పుడు రెండు అడగండి: బస్‌బార్లు, తీగలు దానితో వస్తాయా, కోర్ డిపాజిట్ (పాత ప్యాక్ తిరిగిచ్చేదాకా వాళ్ళు పట్టి ఉంచే సొమ్ము) ఎంత అని. ఈసీయూ, రిలేలు మీ పాతదానిలోంచే మార్చుకోవాలి. పాత మాడ్యూళ్ళను మాత్రం విడదీయకండి, కేసులో ఉన్నవి ఉన్నట్టే తిరిగిస్తేనే డిపాజిట్ వెనక్కొస్తుంది.