వీణ నేర్చుకునేవాళ్ళని తీగలు బిగించే బిరడలు ముట్టుకోనివ్వాలా, వద్దా?

సరళీవరసలదగ్గరే:
మల్కాజిగిరిలో సాయంత్రం బ్యాచ్‌లో వీణ నేర్చుకుంటున్నాను. ముప్పై దాటాక, ఉద్యోగం చేసుకుంటూ మొదలుపెట్టినదాన్ని. అలంకారాలు అయిపోయి గీతాల్లోకి వచ్చాం, కానీ ఇప్పటికీ నా వీణ నేను శ్రుతి చేసుకోలేను. క్లాసుకి వెళ్ళగానే గురువుగారే వరసగా అందరి వీణలూ శ్రుతి చేసి ఇస్తారు, మేం వాయిస్తాం. ఇంట్లో వీణకి బిరడ కాస్త జారిందంటే ఇక ఆ వారం సాధన గోవిందా. నేర్పమని అడిగితే "వర్ణాలు రానీ అమ్మా, అప్పుడు చూద్దాం" అంటారు. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని తనంతట తాను శ్రుతి చేసుకుంటే అందరి ముందూ చీవాట్లు పెట్టారు, యాప్‌తో చేస్తే చెవి పాడైపోతుందట. నిజంగా పాడవుతుందా? మొదటి నుంచే నేర్పకపోవడానికి కారణం ఏదైనా ఉందా, లేక అలా అలవాటుగా వస్తున్నదేనా?

ఆరుతీగలు:
నేను గిటార్ వాణ్ణి, వీణ గురించి పెద్దగా తెలీదు. కానీ మా దగ్గర మొదటి రోజు మొదటి పని ట్యూనింగే. కొండాపూర్‌లో మా సార్ క్లిప్ ట్యూనర్ తగిలించి "ముందు ఆరు తీగలూ మీరే చెయ్యండి, వాయించడం తర్వాత" అంటాడు. కొన్నాళ్ళయ్యాక ట్యూనర్ తీసేసి, ఐదో మెట్టు దగ్గర నొక్కి పక్క తీగతో కలపమంటాడు (జి, బి తీగల మధ్య మాత్రం నాలుగో మెట్టు). అంతే, చెవి దానంతటదే వస్తుంది. ఏళ్ళ తరబడి నేర్పి శ్రుతి చేసుకోవడం మాత్రం నేర్పకపోవడం అంటే, ఏమనుకోకండి, మిమ్మల్ని తన చుట్టూ తిప్పుకోవడమే.

చిక్కడపల్లిపంతులమ్మ:
"తన చుట్టూ తిప్పుకోవడం" అన్న మాట బాగాలేదు బాబూ. నేను వీణ నేర్పేదాన్నే, నేనూ పిల్లలకి శ్రుతి చేసే ఇస్తాను. గిటార్‌కి గేరున్న మీటలుంటాయి, ఎంత తిప్పితే అంతే తిరిగి అక్కడే ఆగుతాయి. వీణ బిరడ అలా కాదు, చెక్క రంధ్రంలో చెక్క, రాపిడి మీదే నిలబడాలి. తిప్పుతూనే లోపలికి నొక్కాలి, ఇంకో చేత్తో తీగ మీటుతూ ఉండాలి. ఎనిమిదేళ్ళ పిల్ల చేతికిస్తే సర్రున వదిలేస్తుంది, లేదంటే బిగించి బిగించి తెంపుతుంది. సారణి (మొదటి తీగ) తెగి మొహానికి తగిలితే వాళ్ళమ్మకి ఎవరు జవాబు చెప్తారు? గంట క్లాసు, పదిమంది పిల్లలు, అందరూ బిరడలు పట్టుకుని కూర్చుంటే పాఠం ఎప్పుడు చెప్పాలి?

ఇక యాప్ సంగతి. ఆకుపచ్చ లైటు వెలిగేదాకా తిప్పేవాళ్ళు తీగని వినడం మానేస్తారు, లైటే చూస్తారు. ముందు తంబురా ముందు కూర్చుని షడ్జం కలిపి పాడగలగాలి. నోటితో స కలపలేనివాళ్ళకి తీగ కలిసిందో లేదో ఎలా తెలుస్తుంది? వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు సరిగా ఆనేది కాదు, ఏ లైటు చూసి వాయించారాయన?

కోఠిఫిడేలు:
అమ్మా, నాయుడు గారిని ఈ గొడవలోకి లాగకండి, ఆయన పోలిక పెడితే మనం ఎవరం వాద్యం ముట్టుకోవడానికే పనికిరాం. 🙏

నేను రాంకోఠి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నాను. వయొలిన్ బిరడలు కూడా చెక్కవే, కానీ తీగల కింది కొసన చిన్న మరలు ఉంటాయి, సన్న సర్దుబాటుకి. వీణకీ తీగల కింది కొసన లంగర్లు ఉన్నాయి కదా, వాటి మీది చిన్న రింగులు జరిపితే బిరడ ముట్టకుండానే శ్రుతి కాస్త సర్దుకుంటుంది. పిల్లలకి కనీసం అవైనా ఎందుకు నేర్పరు? తీగ తెగే భయం కూడా ఉండదు.

ఇంకోటి. 2020 లాక్‌డౌన్‌లో క్లాసులన్నీ ఆన్‌లైన్ అయ్యాక గురువుగారు స్క్రీన్‌లోంచి చెయ్యి చాపి బిరడ తిప్పలేరు కదా. అప్పటిదాకా "నీకు అప్పుడే రాదు" అనిపించుకున్న పిల్లలే వీడియో కాల్‌లో "ఇంకొంచెం బిగించు, ఆ, చాలు చాలు" అంటుంటే కిందా మీదా పడి నేర్చేసుకున్నారు. అంటే రాకపోవడం వాళ్ళ చెవి లోపం కాదు, అవకాశం ఇవ్వలేదంతే.

మెట్లలెక్క:
ఇద్దరూ సగం సగం చెప్తున్నారు. యాప్ వద్దనేవాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉండే వాదన ఒకటి ఇంకా ఎవరూ అనలేదు, నేనే అంటాను: ట్యూనర్‌లో ఉండేది పాశ్చాత్యుల సమాన విభజన, మన స్వరస్థానాలు వేరు అని. నిజమే. కానీ వీణ తీగల మీద దాని ప్రభావం ఎంతో చూడండి. స్థాయిని (స నుంచి పై స దాకా) 1200 సెంట్లుగా పంచితే ట్యూనర్ పంచమం 700 దగ్గర, సహజంగా పలికే పంచమం 702 దగ్గర. రెండు సెంట్లు, కొత్తవాళ్ళ చేతిలో బిరడ అంతకన్నా ఎక్కువే జారుతుంది. అంతర గాంధారం అయితే 400కీ 386కీ తేడా, అది వినిపిస్తుంది. కానీ వీణ ఏడు తీగల్లో స, ప తప్ప వేరేది లేదు. గాంధారం మెట్టు మీద పలుకుతుంది, ఆ మెట్టు ఎక్కడ కూర్చోవాలో మేళం కట్టినాయన (మెట్లు అమర్చినాయన) నిర్ణయించాడు, యాప్ కాదు. ఆ గాంధారం గొడవ నిజానికి గిటార్ వాళ్ళది, జి, బి తీగల మధ్య ఉన్నది ఆ దూరమే.

యాప్‌తో అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మూడు శ్రుతి అనుకోండి, అంటే వాయించే నాలుగు తీగలు ట్యూనర్ భాషలో సారణి ఈ (E), పంచమం బి (B), మంద్రం ఈ, అనుమంద్రం బి. ఫోన్‌కి ఉన్న చిన్న మైకు అనుమంద్రం అడుగు నాదాన్ని సరిగ్గా పట్టుకోదు, దాంతోపాటే పలికే పై నాదాన్ని (ఓవర్‌టోన్) పట్టుకుని బి బదులు ఎఫ్ షార్ప్ అని చూపిస్తుంది. మంద్రం మీటితే ఒక్కోసారి బి అంటుంది. సరిగ్గా ఉన్న తీగని పట్టుకుని నేర్చుకునే అమ్మాయి "ఈ రాలేదే" అని తిప్పుతూనే ఉంటుంది. కొన్ని యాప్‌లు ఏ స్థాయో కూడా చెప్పవు, ఈ అంటే ఈ, అంతే. వదులు తీగ కింది ఈ దాటిపోయాక పై ఈ కోసం బిగిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, టప్‌మంటుంది. పంతులమ్మ గారి భయం ఇక్కడ సబబే. కాబట్టి యాప్ వాడేవాళ్ళు సారణి ఒక్కటే దాంతో చేసుకోండి, మిగతా ఆరూ చెవితో కలపండి.

పైగా శ్రుతి బాగానే ఉన్నా వీణ అపశ్రుతిగా పలుకుతోందంటే తప్పు మెట్లది కావచ్చు. మెట్లు కూర్చునేది మైనంలో. మన మే ఎండలకి పైఅంతస్తు గదిలో, కిటికీ పక్కన వీణ పెట్టారంటే మైనం మెత్తబడి మెట్టు కుంగుతుంది. ఉత్త తీగ మీటి, పన్నెండో మెట్టు మీద మీటి చూడండి, పై షడ్జం కచ్చితంగా రావాలి. రాకపోతే కొత్త తీగ వేసి చూడండి, అప్పటికీ రాకపోతే మేళం మళ్ళీ కట్టించాల్సిందే, మీరు బిరడతో ఎన్ని కుస్తీలు పట్టినా లాభం లేదు.

చిక్కడపల్లిపంతులమ్మ:
లెక్కలు బాగున్నాయి, సారణి వరకు యాప్ పెట్టుకోమంటే నాకూ పెద్ద అభ్యంతరం లేదు. కానీ "మిగతా ఆరూ చెవితో" అని ఒక్క ముక్కలో తేల్చేశారే, ఆ చెవే కదా ఇక్కడ ప్రశ్న. మా గానసభలో కచేరీకి వచ్చి చూడండి, లైట్ల వేడికి తీగ జారితే వాయిస్తూ వాయిస్తూనే ఎడమ చేత్తో బిరడ సర్దేస్తారు, రాగం ఆగదు. అది లైటు చూసి వచ్చేది కాదు.

కోఠిఫిడేలు:
అదే గానసభలో వాళ్ళ పక్కనే కరెంటు శ్రుతిపెట్టె కూడా మోగుతూ ఉంటుంది, గమనించారా? అది వచ్చిన కొత్తలో దాన్నీ తిట్టినవాళ్ళున్నారు.

చిక్కడపల్లిపంతులమ్మ:
శ్రుతిపెట్టె వినిపిస్తుంది బాబూ, చూపించదు. నా గొడవంతా దాని గురించే.

ఆరుతీగలు:
మేడమ్, ముందు అన్న మాటకి సారీ. కానీ ఒకటి అడుగుతా, "వర్ణాలు వచ్చాక" అంటున్నారు కదా, అప్పుడైనా ఎలా నేర్పుతారు?

చిక్కడపల్లిపంతులమ్మ:
పక్క సారణితో (పక్కన తాళానికి మీటే తీగల్లో ఒకటి) మొదలుపెడతాను. సారణి, పక్క సారణి రెండూ ఒకే షడ్జం పలకాలి. రెండూ కలిపి మీటితే, కలవనప్పుడు నాదం వూఁ వూఁ అని ఊగుతుంది. దగ్గరయ్యే కొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది, కలిశాక ఆగిపోతుంది. అది విన్న పిల్లకి ఇక చెప్పాల్సింది ఏమీ ఉండదు. పంచమం తర్వాత.

మెట్లలెక్క:
సెకనుకి ఎన్నిసార్లు ఊగితే అన్ని హెర్ట్జ్‌ల తేడా. మరి దీనికి వర్ణాలదాకా ఎందుకు ఆగాలండీ? గీతాలు వాయించే పెద్దవాళ్ళకి ఇది రెండో నెలలో చెప్పినా అర్థమవుతుంది.

చిక్కడపల్లిపంతులమ్మ:
పెద్దవాళ్ళకి చెప్పొచ్చు, ఒప్పుకుంటాను. పిల్లలకి మాత్రం చెప్పను, మీరేమన్నా సరే.

సరళీవరసలదగ్గరే:
అందరికీ థ్యాంక్స్ అండి. నిన్న ఇంట్లో పక్క సారణితో కూర్చున్నాను, ఆ ఊపు నిజంగానే వినిపించింది, తీగ తెగలేదు! కానీ కలిపి చెయ్యి తీసేలోపు బిరడ వెనక్కి జారిపోతోంది. దానికేం చెయ్యాలి?

కోఠిఫిడేలు:
బిరడ బయటికి లాగి, చెక్కలో తిరిగే భాగానికి సుద్ద రాసి మళ్ళీ పెట్టండి. వానాకాలం చెక్క ఉబ్బి బిగుసుకుంటే మాత్రం రాయకండి, ఇంకా పట్టేస్తుంది.

సరళీవరసలదగ్గరే:
బ్లాక్‌బోర్డు మీద రాసే సుద్దేనా?

కోఠిఫిడేలు:
అదే. తెల్లది చాలు, రంగుది వద్దు, చెక్కకి అంటుకుంటుంది.