రొడీషియాపై ఆంక్షలు ఫలించాయా, 14 ఏళ్ల కంటితుడుపా?

పాతపేజీలు:
1965 నవంబరు 11న ఇయాన్ స్మిత్ నడిపిన తెల్లవారి ప్రభుత్వం బ్రిటన్ నుంచి ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్ననాటికి రొడీషియాలో (నేటి జింబాబ్వే) తెల్లవారు 2 లక్షల పైచిలుకు. ఆఫ్రికన్లు సుమారు 40 లక్షలు. సైన్యాన్ని పంపబోమని ముందే చెప్పేసిన బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్, 1966 జనవరిలో లాగోస్ కామన్వెల్త్ సమావేశంలో, ఆంక్షల దెబ్బకు నెలలు అక్కర్లేదు, వారాలు చాలునన్న ధీమా ప్రకటించారు. ఆ వారాలు ఎంత సాగాయో అందరికీ తెలుసు.

పోర్చుగల్ ఏలుబడిలోని పొరుగు దేశం మొజాంబిక్‌లో ఉన్న బైరా రేవు సంగతే చూడండి. 1966 ఏప్రిల్ 9 నాటి భద్రతామండలి 221వ తీర్మానం, రొడీషియా కోసం అక్కడికి చమురు తెచ్చే ఓడలను అవసరమైతే బలప్రయోగంతోనైనా ఆపే అధికారాన్ని బ్రిటన్‌కు ఇచ్చింది. ఆ రేవు నుంచి రొడీషియాలోని ఉమ్‌తలి దగ్గరి శుద్ధి కర్మాగారానికి పైపులైను ఉండేది. బ్రిటిష్ యుద్ధనౌకలు 1975 దాకా అక్కడ కాపలా కాశాయి. పెట్రోలు మాత్రం అదే మొజాంబిక్ తీరంలో దక్షిణాన ఉన్న లొరెన్సో మార్క్స్ నుంచి రైలెక్కి నిక్షేపంగా చేరింది. వీధి గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి దొడ్డి తలుపు తీసి ఉంచడమంటే ఇదే. పైగా బ్రిటన్ ప్రభుత్వానికి దాదాపు సగం వాటా ఉన్న చమురు కంపెనీ బీపీ, షెల్‌తో కలిసి ఈ వ్యవహారంలో ఉన్నట్లు 1978లో బ్రిటన్ ప్రభుత్వమే వేయించిన బింగ్‌హామ్ విచారణ నివేదిక బయటపెట్టింది. తమ చమురు రొడీషియాకు పోవడం లేదని చెప్పుకోవడానికి, అక్కడి సరఫరాను ఫ్రెంచి కంపెనీ టోటల్‌కు అప్పగించి, అంత చమురునూ దక్షిణాఫ్రికాలో టోటల్‌కే ఇచ్చారు. ఇది కంటితుడుపు కాకపోతే మరేమిటి?

కృష్ణాతీరం:
పాతపేజీలు గారూ, మీరు చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు. అమెరికా 1971లో బైర్డ్ సవరణతో రొడీషియా క్రోమ్ ఖనిజానికి దారి తెరిచి 1977 దాకా మూయలేదన్నది కూడా మీ జాబితాలో చేర్చుకోండి. అయితే ఆంక్షలను చమురు పీపాలతోనే కొలిస్తే అసలు విషయం జారిపోతుంది. సరుకు అమ్మిన దక్షిణాఫ్రికా గానీ, రేవులిచ్చిన పోర్చుగల్ గానీ, ఆ మాటకొస్తే ప్రపంచంలో ఏ ఒక్క దేశం గానీ స్మిత్ రాజ్యాన్ని లాంఛనంగా గుర్తించలేదు. ఆ గుర్తింపు కోసమే ఆయన 1966లో టైగర్, 1968లో ఫియర్‌లెస్ అనే బ్రిటిష్ యుద్ధనౌకల మీద విల్సన్‌తో చర్చలకు వెళ్లారు. ఆ గుర్తింపు కోసమే 1971లో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని ప్రజాభిప్రాయ పరీక్షకు పెట్టడానికి ఒప్పుకున్నారు. 1972లో బ్రిటన్ పంపిన పియర్స్ కమిషన్ వచ్చి అడిగితే ఆఫ్రికన్లు వద్దన్నారు, ఒప్పందం కూలిపోయింది. దేశం తనదేనన్న ధీమా ఉన్నవాడు ఆ ప్రశ్న అడగనిచ్చేవాడా?

బ్యారన్ నీడ:
చిన్న పక్కమాట. రొడీషియా ప్రధాన ఎగుమతి వర్జీనియా పొగాకు, మా గుంటూరు సీమ పంట కూడా అదే. అక్కడి ఆకుకు బ్రిటన్ మార్కెట్ మూతపడ్డాక మన ఆకుకు గిరాకీ పెరిగిందని మా తాతగారు పొగాకు కాల్చే బ్యారన్ అరుగు మీద కూర్చుని చెబుతుండేవారు. అక్కడ ప్రభుత్వమే ఆకు కొని గోదాముల్లో పేర్చుకోవలసి వచ్చింది. చాలామంది తెల్ల రైతులు మొక్కజొన్నకు, పత్తికి మళ్లారు. కాబట్టి ఆంక్షలు ఎవరికీ తగల్లేదనడం సరికాదు. మరో సంగతి: 1968 మే 29న వాణిజ్యాన్ని దాదాపు పూర్తిగా నిషేధించిన 253వ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గినప్పుడు భారతదేశం భద్రతామండలిలో సభ్యురాలు.

పాతపేజీలు:
పొగాకు రైతుకు తగిలిందని ఒప్పుకుంటాను, పాలకుడికి తగల్లేదన్నదే నా మాట. స్మిత్‌ను వంచింది యుద్ధం, భూగోళం. 1975లో మొజాంబిక్‌లో పోర్చుగీసు పాలన పోయింది, 1976 మార్చిలో అక్కడి కొత్త అధ్యక్షుడు సమోరా మాషెల్ సరిహద్దు మూసేశాడు. స్మిత్ పాలనపై పోరాడే ఆఫ్రికన్ గెరిల్లాలు తూర్పు నుంచి రాసాగారు. ఇక రొడీషియాకు మిగిలిన దారి దక్షిణాఫ్రికా ఒక్కటే. ఆ దారి మీద దక్షిణాఫ్రికా ప్రధాని ఫోర్‌స్టర్ చెయ్యి వేశాక, అమెరికా విదేశాంగ మంత్రి కిసింజర్ ప్రిటోరియాకు వచ్చి కూర్చున్నాక, 1976 సెప్టెంబరు 24న రెండేళ్లలో మెజారిటీ పాలనకు స్మిత్ ఒప్పుకున్నారు. ఆంక్షలకు మూల్యం చెల్లించింది పొరుగునున్న జాంబియా. తన రాగిని ఎగుమతి చేసే రైలు దారి రొడీషియా గుండానే పోయేది. టాంజానియా రేవుకు చైనా కట్టిన టాజారా రైలు మార్గం పూర్తయ్యేదాకా ఆ దేశం పడిన పాట్లను ఏ తీర్మానమూ తీర్చలేదు.

కృష్ణాతీరం:
జాంబియా విషయంలో మీదే న్యాయం, దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే 1979 సంగతి చూడండి. 1972లో పియర్స్ ఎదుట "వద్దు" ఉద్యమాన్ని నడిపిన బిషప్ ముజొరేవాయే, స్మిత్‌తో అంతర్గత ఒప్పందం చేసుకుని, ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయ్యారు. ప్రధాని పీఠం మీద నల్లవాడు, సైన్యం, పోలీసు, సివిల్ సర్వీసు మాత్రం తెల్లవారి చేతిలో. గుర్తింపును సరుకులా అమ్మే లోకమైతే అప్పుడే అమ్మేసేది. బ్రిటన్ ప్రధాని థాచర్ గుర్తింపు వైపు మొగ్గు చూపినా, ఆగస్టులో లుసాకా కామన్వెల్త్ సమావేశం ఆపింది. ముజొరేవా గెరిల్లా నాయకులతో పాటు లండన్‌లోని లాంకస్టర్ హౌస్‌లో బల్ల ముందు కూర్చోవలసి వచ్చింది. డిసెంబరు 12న లార్డ్ సోమ్స్ బ్రిటిష్ గవర్నరుగా రాజధాని సాల్స్‌బరీలో దిగేసరికి, 14 ఏళ్ల "స్వతంత్ర దేశం" మళ్లీ బ్రిటిష్ వలస అయిపోయింది.

పాతపేజీలు:
అదే సోమ్స్ పర్యవేక్షించిన ఎన్నికల్లో, 1980 ఫిబ్రవరిలో, ఆఫ్రికన్లకు ఉద్దేశించిన 80 స్థానాల్లో ముజొరేవా పార్టీకి వచ్చినవి 3. గుర్తింపు నిరాకరణ గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. బైరా కాపలా మాత్రం దండగేనన్న మాట వెనక్కి తీసుకోను.