బడి భద్రతకు గ్రేడు: ఫైలు చూసి వెయ్యాలా, డ్రిల్లు పెట్టి వెయ్యాలా?

చర్చాంశం: విపత్తులకు, ప్రమాదాలకు బడి ఎంత సిద్ధంగా ఉందో చెప్పకుండా పెట్టే డ్రిల్లుతో తేల్చి, ఆ ఫలితాన్ని తల్లిదండ్రులందరికీ తెలిసేలా బయట పెట్టాలా?

నాలుగో తరగతి అమ్మ, విజయవాడ

మా పాప చదివే ప్రైవేటు స్కూల్లో ఈమధ్య పేరెంట్స్ మీటింగ్ పెట్టారు. సేఫ్టీలో మాకు ఫుల్ మార్కులు వచ్చాయని తెర మీద చూపించారు. ఏం చూసి వేశారని అడిగితే ఒక ఫైలు తెచ్చి ముందు పెట్టారు. ఫైర్ ఎన్‌ఓసీ, బిల్డింగ్ సర్టిఫికెట్, విపత్తు నిర్వహణ ప్లాను, మాక్ డ్రిల్ ఫొటోలు అన్నీ ఉన్నాయి. ఇంటికొచ్చి పాపని అడిగాను, బెల్లు అదే పనిగా మోగితే ఏ మెట్ల మీంచి దిగుతావని. "వెనకవైపు మెట్లకి తాళం ఉంటుందమ్మా, అందరం ముందు మెట్ల మీంచే" అంది. వాళ్ల క్లాసు మూడో అంతస్తులో.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఆ రోజు ఆదివారం. అదే ఏ మంగళవారం మధ్యాహ్నమో అయితే పిల్లల్ని పైఅంతస్తులో ఉంచేస్తారా, ఇంటికి పంపేస్తారా, ఎవరొస్తే ఎవరి చేతికి ఇస్తారు? ఆ ఫైల్లో వీటికి జవాబు లేదు.

అందుకే నా అభిప్రాయం ఇది. ఫైలు చూసి మార్కులు వెయ్యడం మానెయ్యాలి. బయటివాళ్లు వచ్చి, చెప్పకుండా బెల్లు కొట్టించి, ఎన్ని నిమిషాల్లో దిగారో, తలల లెక్క సరిపోయిందో లేదో చూసి, అదే గేటు దగ్గర బోర్డు మీద రాయాలి.

హెడ్మాస్టర్, శ్రీకాకుళం తీరం

అమ్మా, మీ భయంలో న్యాయం ఉంది. మీరు చెప్పిన మందు మాత్రం మా బడులకు పడదు.

ప్రభుత్వ బడి సంగతి చెబుతాను. ఏటా బడుల వివరాలు కేంద్రానికి పంపే యూడైస్ ప్లస్ ఫారంలో అడుగుతారు: విపత్తు ప్లాను ఉందా, భవనం భద్రత తనిఖీ జరిగిందా, అగ్నిమాపక సిలిండర్లు ఉన్నాయా, శిక్షణ ఇస్తున్నారా. ప్రతిదానికీ అవును, కాదు అనే రెండే గళ్లు. "కాదు" అని పెట్టిన బడికి డబ్బు రాదు, సంజాయిషీ అడుగుతూ ఫోను వస్తుంది. "అవును" అని పెడితే ఎవరూ ఏమీ అడగరు. అలాంటప్పుడు ఏ గడిలో టిక్కు పడుతుందో ఊహించడం కష్టం కాదు. ఇప్పుడు మీరు బోర్డు మీద గ్రేడు రాయిస్తే, ఊళ్లో ఉన్న ఆ నలుగురు పిల్లల్నీ మా బడిలోంచి తీసి, ఆడుకోవడానికి గజం జాగా లేని అద్దె భవనంలో చేరుస్తారు.

ఇంకో మాట. తుపాను గురించి అందరూ మాట్లాడతారు గానీ, తుపాను వచ్చే రోజున పిల్లలు బడిలో ఉండరు. ముందే కలెక్టరు సెలవు ఇచ్చేస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తెల్లవారుజామున మా మీదుగా తీరం దాటింది. అసలు ప్రమాదం బడి తిరిగి తెరిచిన రోజున ఉంది. ఒరిగిన ప్రహరీ గోడ, సగం విరిగి కొమ్మలకు వేలాడుతున్న రేకు, తెగిపడిన కరెంటు తీగ, తడిసిన స్విచ్చు బోర్డు, బెంచీల కింద చేరిన పాములు. పునరావాసానికి మా గదుల్లోనే జనాన్ని ఉంచుతారు, వాళ్లు వెళ్లాక మరుగుదొడ్లు, నీళ్ల ట్యాంకు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఆ ఉదయం పిల్లలకంటే ముందు ఎవరు లోపలికి వెళ్లి చూడాలి? మా తీరానికి సన్నద్ధత అంటే ముందు అదే. దాన్ని ఏ బెల్లు కొట్టి కొలుస్తారు?

రిటైర్డ్ ఫైర్ ఆఫీసర్, రాజమహేంద్రవరం

మాస్టారూ, చివరి మాట వంద శాతం ఒప్పుకుంటాను. కానీ మంట సెలవు చూసుకుని రాదు.

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో బడి వంటగదిలో లేచిన మంట ఆకుల కప్పుకు అంటుకుంది. 94 మంది పిల్లలు పోయారు. ఆ ఘటన తర్వాత వేసిన కేసులోనే 2009లో సుప్రీంకోర్టు ప్రతి బడిలో మంటలార్పే పరికరాలు ఉండాలని, టీచర్లకు వాటి వాడకం నేర్పాలని ఆదేశించింది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ బడి భద్రత మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఆదేశాలకు కొదవ లేదు. నేను సర్వీసులో ఉండగా చూసిన బడుల్లో సిలిండరు గోడకి ఉండేది, దాని ప్రెషర్ మీటరు ముల్లు ఆకుపచ్చ గీత దాటి కిందికి జారి ఉండేది. పిన్ను తీసి పట్టుకోమంటే చాలామంది టీచర్లు వెనక్కి జరిగేవారు. వాళ్ల తప్పేం లేదు, ఎవరూ చేతికి ఇచ్చి నేర్పలేదు.

అయితే విజయవాడ అమ్మగారికీ ఒక హెచ్చరిక. ఏమీ నేర్పకుండా ఒక్కసారిగా బెల్లు కొట్టిస్తే మెట్ల మీద తొక్కిసలాట అవుతుంది. డ్రిల్లును మెట్టు మెట్టుగా పెంచాలి. మొదట అందరికీ చెప్పి, నిదానంగా నడిపించాలి. తర్వాత ఫలానా వారంలో ఉంటుందని మాత్రం చెప్పాలి. మూడోసారి ఒక మెట్ల దారికి అడ్డంగా మనిషిని నిలబెట్టి "ఇక్కడ మంట ఉంది" అనిపించాలి. అప్పుడు టీచరు ఏం చేస్తుందో చూడాలి, అక్కడ తెలిసిపోతుంది.

నేను ఇంకోటి చేయించేవాణ్ణి. హెడ్మాస్టరుతో మాత్రం చెప్పి ఒక విద్యార్థిని ఆఫీసు గదిలో మా మనిషి పక్కన కూర్చోబెట్టేవాణ్ణి. గ్రౌండులో వరసలు కట్టాక ఆ పిల్లవాడు లేడని ఎంతసేపటికి గుర్తిస్తారో చూసేవాళ్లం. ఒక పెద్ద స్కూల్లో "అందరూ వచ్చేశారు సార్" అని రిపోర్టు ఇచ్చేసి చప్పట్లు కొట్టారు. హాజరు పట్టీ పైన టేబుల్ మీదే ఉండిపోయింది. ఎంతమంది రావాలో తెలియకుండా అందరూ వచ్చారని ఎలా చెబుతాం?

టోక్యోలో తెలుగు నాన్న

ఇక్కడి బళ్ల గురించి మనవాళ్లు గొప్పగా చెబుతారు. నిజమే, ప్రభుత్వ బడి భవనాల్లో 99 శాతం పైగా భూకంపానికి తట్టుకునేలా బలపరిచారు. కానీ ఈ చర్చకు పనికొచ్చేది ఇక్కడ జరిగిన ఘోరం.

2011 మార్చి 11న ఇషినోమాకిలోని ఒకవా ప్రాథమిక పాఠశాల. భూకంపం ఆగాక పిల్లల్ని మైదానంలో వరసగా నిలబెట్టారు. అంతవరకు డ్రిల్లులో చేసినట్టే. తర్వాత ఎక్కడికి వెళ్లాలో తేలక దాదాపు 50 నిమిషాలు అక్కడే ఉండిపోయారు. బడి వెనకే కొండ ఉంది. సునామీ నది వెంబడి వచ్చింది. 74 మంది పిల్లలు, 10 మంది టీచర్లు పోయారు. బడికి రాసిపెట్టిన ప్లాను ఉంది. అందులో సునామీ వస్తే దగ్గర్లోని ఖాళీ స్థలానికో పార్కుకో వెళ్లాలని ఉంది, ఫలానా చోటని లేదు. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. 2018లో సెందాయ్ హైకోర్టు, ముందే సరైన ప్లాను చేసుకోకపోవడం బడిదీ అధికారులదీ తప్పేనని తీర్పు ఇచ్చింది. 2019లో సుప్రీంకోర్టు దాన్ని అలాగే ఉంచింది.

అదే రోజు కమైషిలో ఉన్నత పాఠశాల పిల్లలు బయటికి పరుగెత్తారు. పక్కనున్న చిన్న బడి పిల్లలు పైఅంతస్తు ఎక్కి ఉండి, వీళ్లను చూసి దిగి వచ్చారు. పెద్దవాళ్లు చిన్నవాళ్ల చేతులు పట్టుకుని ముందే అనుకున్న చోటికి వెళ్లి, అదీ చాలదనిపించి ఇంకా పైకి ఎక్కారు. కతడ అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి ఆ ఊరి బళ్లలో చెప్పింది అదే, మ్యాపులో గీసిన గీతను నమ్ముకుని ఆగిపోవద్దని.

మా పాప బడిలో ఏటా పిల్లల్ని అప్పగించే డ్రిల్లు కూడా ఉంటుంది. ముందుగా పేరు రాసిచ్చిన వాళ్లు వస్తేనే పంపుతారు, టీచరు టిక్కు పెట్టుకుని అప్పగిస్తుంది. విజయవాడ అక్క అడిగిన "ఎవరి చేతికి ఇస్తారు" అన్నదానికి ఇక్కడ అదే జవాబు. దానికి భవనం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

సివిల్ ఇంజనీర్, ఖమ్మం

ఎన్ని నిమిషాల్లో దిగారో లెక్కపెడుతున్నారు. స్లాబు ఆ నిమిషాలు కూడా ఇవ్వకపోతే?

2025 జులై 25న రాజస్థాన్ ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. పైనుంచి రాళ్లు రాలుతున్నాయని పిల్లలు ముందే చెప్పారని వార్తల్లో వచ్చింది. ఆ గదిలో ఏ డ్రిల్లూ పనిచేయదు. 2001లో గుజరాత్ భూకంపం నాడు అంజార్‌లో గణతంత్ర దినం ఊరేగింపులో ఉన్న పిల్లల మీద ఇరుకు సందులో రెండు వైపులా గోడలు కూలాయి. వాళ్లు ఆరుబయటే ఉన్నారు.

కాబట్టి మొదటి పరీక్ష భవనానికి. మొదటి చూపుకి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. స్లాబు కింద సుత్తితో మెల్లగా తట్టితే డొల్ల శబ్దం వచ్చినచోట లోపల పెచ్చు విడిపోయింది. గోధుమరంగు మరక కనిపిస్తే ఊచలు తుప్పు పట్టాయి. సున్నం వేసి దాచేస్తారు, అది ఇంకా ప్రమాదం. భవనం తేలకుండా డ్రిల్లుకు గ్రేడు ఇస్తే తల్లిదండ్రులకు లేని ధైర్యం ఇచ్చినట్టే.

గురుకులం టీచర్, ములుగు

అందరూ పగటి బడి గురించే మాట్లాడుతున్నారు. మా పిల్లలు రాత్రి కూడా బడిలోనే ఉంటారు.

2024 డిసెంబరు 4న పొద్దున ఏడున్నరకు మా దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలింది. పిల్లలు స్నానాలు, టిఫిన్ల దగ్గర ఉన్నారు. కొందరు బల్లల కింద దూరారు, కొందరు మెట్ల మీదికి ఉరికారు. దేవుడి దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అదే రాత్రి రెండు గంటలకైతే? ఆడపిల్లల హాస్టల్‌కు భద్రత కోసమే గ్రిల్ గేటుకు తాళం వేస్తాం. తాళంచెవి ఒకరి దగ్గర ఉంటుంది. ఆమె సెలవులో ఉన్న రోజు రెండోది ఎవరి దగ్గర ఉందో రాతలో ఉండాలి. నేను తనిఖీకి వచ్చినవాళ్లయితే ముందు ఆ తాళంచెవి తెప్పించి, ఎంతసేపటికి వచ్చిందో రాసుకుంటాను.

ఇంకొకటి, గురుకులాల్లో నిజంగా మళ్లీ మళ్లీ వచ్చేది ఫుడ్ పాయిజనింగ్. నలభై మంది పిల్లలు ఒక్కసారి వాంతులు చేసుకుంటే 108కి ఎవరు ఫోన్ చేయాలి, ఒక్క అంబులెన్స్ వస్తే ముందు ఎవరిని ఎక్కించాలి, ఎవరు ఏ ఆసుపత్రికి వెళ్లారో ఎవరు రాసుకోవాలి? మీ గ్రేడులో దీనికి గడి ఉందా?

ఎనిమిదో తరగతి నాన్న, హైదరాబాద్

మా బాబు చక్రాల కుర్చీలో ఉంటాడు. మాక్ డ్రిల్ రోజున వాణ్ణి క్లాసులోనే ఉంచారు, అలసిపోతావు కూర్చో అని. ప్రేమతోనే అన్నారు. ఆ స్కూలు దిగిన టైము రికార్డు బాగానే ఉంది, మా వాణ్ణి కలపకుండా.

నాలుగో తరగతి అమ్మ, విజయవాడ

మీరంతా చెప్పాక ఒక్క అక్షరం గ్రేడు వద్దనే అనిపిస్తోంది. ఏ, బీ అని ఇస్తే బడి ఆ అక్షరం కోసమే పనిచేస్తుంది, బాబుని క్లాసులో కూర్చోబెట్టేది కూడా ఆ టైము కోసమే. దాని బదులు చూసింది చూసినట్టు రాసిన ఒక పేజీ బయట పెట్టండి. ఏ తేదీన డ్రిల్లు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది లెక్కకు వచ్చారు, ఎవరు మిగిలారు, ఏ గేటు తెరుచుకోలేదు, ఎప్పటిలోగా సరిచేస్తారు. కానీ బయట పెట్టాలి, అక్కడ మాత్రం వెనక్కి తగ్గను. దాచిన కాగితం మాకు ఇప్పటికే ఒక ఫైలు నిండా ఉంది.

హెడ్మాస్టర్, శ్రీకాకుళం తీరం

ఆ పేజీకి నేను సంతకం పెడతాను తల్లీ, ఒక్క గడి కలిపితే. ప్రతి లోపం పక్కన అది ఎవరు సరిచేయాలో రాయాలి. హాజరు పట్టీ కిందికి తేవడం నా పని, నా పేరు రాయండి. వేలాడే తీగ కరెంటు వాళ్లది. పెచ్చులూడే స్లాబు ఇంజనీరింగ్ విభాగానిది, ఖమ్మం ఇంజనీరు గారు చెప్పిన సుత్తి తనిఖీ ఏ తేదీన జరిగిందో కూడా ఉండాలి. అన్నీ హెడ్మాస్టరు ఖాతాలో వేస్తే మళ్లీ అందరూ "అవును" గడిలోనే టిక్కు పెడతారు.

చెప్పకుండా వచ్చే తనిఖీకి మాత్రం ఇంకా ఒప్పుకోను. ఫైర్ ఆఫీసరు గారు చెప్పినట్టు ముందు నేర్పండి. ఒక ఏడాది నేర్పి, రెండో ఏడాది నుంచి చెప్పకుండా రండి.

ఏకోపాధ్యాయ పాఠశాల, అల్లూరి జిల్లా

సార్, నేను ఒక్కడినే. ఐదు తరగతులు, ఒకటే గది. పిడుగులు, కొండవాగు, పాములు, ఇవి మా విపత్తులు. నేను పడిపోతే పిల్లల్ని లెక్కపెట్టేవాళ్లు లేరు. మా బడికి మీ పేజీ ఎలా రాస్తారు?

రిటైర్డ్ ఫైర్ ఆఫీసర్, రాజమహేంద్రవరం

నాయనా, మీ దగ్గర రెండో పెద్దమనిషి ఉంది, వంట చేసే అమ్మ. పేజీలో ముందు ఆమె పేరు రాయండి. నేర్పేటప్పుడు ఆమెకూ మీతో సమానంగా నేర్పండి. రోజూ హాజరు అయ్యాక ఆ రోజు సంఖ్య గుమ్మం బయట సుద్దతో రాయండి, చదువు రాకపోయినా అంకె చూసి తలలు లెక్కపెట్టగలదు. ఐదో తరగతి పిల్లలకు ఒక్కొక్కరికి ఒకటో తరగతి పిల్లను అప్పజెప్పండి, ఆ జతలు ఏడాదంతా మారకూడదు. వాగు పొంగిన రోజు దాటించకుండా ఏ ఇంట్లో ఉంచాలో ఊరి పెద్దలతో ఇప్పుడే మాట్లాడి ఆ ఇల్లు పేరు రాసుకోండి. డ్రిల్లు పెట్టే రోజున మీరు పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకండి, ఆమె ఒక్కతే పిల్లల్ని బయటికి తెస్తుందేమో చూడండి.