డిస్కవరీ కటాఫ్, మోషన్ గడువు రెండూ ఒకే రోజు పెడుతున్నారు, సంతకం చేయొచ్చా?

కొత్త_ప్లెయింటిఫ్:
అమెరికా ఫెడరల్ కోర్టులో నాకు రావాల్సిన కాంట్రాక్టు డబ్బుల కోసం కేసు వేశాను. లాయర్ లేరు, నేనే చూసుకుంటున్నాను. వచ్చే వారం అవతలి లాయర్‌తో రూల్ 26-ఎఫ్ మీటింగ్ (కేసు షెడ్యూల్ గురించి ఇరువైపులా మాట్లాడుకునేది) ఉంది. ఆయన ముందే డ్రాఫ్ట్ పంపాడు: డిస్కవరీ, అంటే ఒకరి దగ్గర ఒకరు సాక్ష్యాలు, సమాచారం తీసుకోవడం, అక్టోబర్ 30కి అయిపోవాలి, సమ్మరీ జడ్జిమెంట్ మోషన్లు (ట్రయల్ లేకుండానే తీర్పు ఇవ్వమని అడిగేవి) కూడా అక్టోబర్ 30కే వేయాలి. "ఎప్పుడూ ఇలాగే పెడతాం, సంతకం చేసి పంపండి" అంటున్నాడు. నాకేమో వాళ్ల ఈమెయిళ్లు, మేనేజర్ డిపోజిషన్ (కోర్టు బయట ప్రమాణం చేయించి ప్రశ్నలు అడగడం) రెండూ ముఖ్యం. పెట్టేయనా?

కేలండర్_అక్క:
పెట్టకండి. లా ఆఫీసులో గడువులు లెక్కపెట్టడమే నా ఉద్యోగం, అందుకని కాస్త పొడుగ్గా చెప్తాను. కటాఫ్ అంటే ప్రశ్నలు పంపడానికి ఆఖరి రోజు అనుకుంటారు, కానీ చాలా కోర్టుల లెక్కలో ఆ రోజుకి జవాబులు కూడా వచ్చేసి ఉండాలి. జవాబుకి 30 రోజులు. అంటే సెప్టెంబర్ 30కల్లా మీ రిక్వెస్టులు వాళ్లకి చేరాలి, పోస్టులో పంపితే ఇంకో 3 రోజులు కలుస్తాయి కాబట్టి 27. అదీ వాళ్లు బుద్ధిగా జవాబిస్తేనే! అభ్యంతరాలు రాసి పంపారనుకోండి, ముందు వాళ్లతో మాట్లాడాలి, కుదరకపోతే జవాబివ్వమని ఆదేశించండని కోర్టుని అడిగే మోషన్ టు కంపెల్ వేయాలి, దానికి టైమ్ ఎక్కడుంది? మేనేజర్ డిపోజిషన్ ఒక్క రోజు, 7 గంటలు మాత్రమే, ఈమెయిళ్లు చేతిలో లేకుండా కూర్చుంటే ఆ 7 గంటలూ వృథా.

మోషన్ల సంగతికొస్తే, కోర్టు వేరే తేదీ ఇవ్వకపోతే రూల్ 56 ప్రకారమే డిస్కవరీ ముగిశాక 30 రోజులుంటుంది. అది అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

ఒకసారి_కాలింది:
అక్క చెప్పింది నిజం, నాకు అనుభవమే. జవాబులకి ఇంకో మూడు వారాలు కావాలని అవతలి లాయర్ మర్యాదగా అడిగితే ఈమెయిల్లో సరే అన్నాను. ఆ మూడు వారాల్లో కటాఫ్ దాటిపోయింది, వచ్చిన జవాబుల్లో సగం అభ్యంతరాలే, నా మోషన్ ఆలస్యమైందని కొట్టేశారు. మనలో మనం గడువు పెంచుకోవచ్చు కానీ అది కోర్టు పెట్టిన కటాఫ్‌కి అడ్డొస్తే కోర్టు అనుమతి ఉండాల్సిందే, రూల్ 29లోనే ఉంది, నేనే చదవలేదు. షెడ్యూల్ మార్చమని అడిగితే జడ్జి ముఖ్యంగా చూసేది ఇన్నాళ్లూ మీరు చురుగ్గా ఉన్నారా లేదా అని. నా దగ్గర సమాధానం లేదు.

మధ్యేమార్గం:
అలాగని ఏడాదిన్నర అడక్కండి, చిన్న కాంట్రాక్టు కేసుకి అంత ఇవ్వరు. ముందు మీ జడ్జి స్టాండింగ్ ఆర్డర్ (తన కేసులన్నిటికీ ఆయన పెట్టుకున్న నియమాలు) చూడండి, కొందరు తేదీల లెక్క వాళ్లే పెట్టేస్తారు. ఇద్దరికీ కుదరకపోతే కోర్టుకి ఇచ్చే రిపోర్టులో ఎవరి తేదీలు వాళ్లవి పక్కపక్కన రాయొచ్చు, అది గొడవ పెట్టుకోవడం కాదు. మీటింగ్ అయ్యాక ఆ రిపోర్టుకి 14 రోజులే, అడక్కుండానే అవతలివాళ్లకి ఇవ్వాల్సిన సాక్షుల, కాగితాల వివరాలకి, అంటే ఇనీషియల్ డిస్‌క్లోజర్లకీ మామూలుగా అంతే.

ఇంకోటి, మీకు వచ్చేవి కూడా కేలండర్లో రాసుకోండి. రిక్వెస్ట్స్ ఫర్ అడ్మిషన్ (ఫలానాది నిజమని ఒప్పుకోమని అడిగేవి) వస్తే 30 రోజుల్లో జవాబివ్వకపోతే అన్నీ ఒప్పుకున్నట్టే!

కొత్త_ప్లెయింటిఫ్:
అమ్మో, ఆ చివరిది అస్సలు తెలీదు. సరే, డిస్కవరీకి అక్టోబర్ 30, మోషన్లకి నవంబర్ 30 అని నా వైపు రాస్తాను. మరి ఈమెయిళ్ల కోసం రిక్వెస్ట్ మీటింగ్ అయ్యేదాకా పంపకూడదా?

కేలండర్_అక్క:
వాళ్లకి సమన్లు, ఫిర్యాదు అంది 21 రోజులు దాటాయా? దాటితే డాక్యుమెంట్ రిక్వెస్టులు ఇప్పుడే ఇచ్చేయొచ్చు. 30 రోజుల లెక్క మాత్రం మీటింగ్ రోజు నుంచే మొదలవుతుంది. ఇంటరాగేటరీలు (రాతపూర్వకంగా పంపే ప్రశ్నలు) మాత్రం మీటింగ్ అయ్యాకే. ఈ రాత్రే కూర్చుని రాయండి.