రోజూ ఇళ్లకు వెళ్తాను, మనుషులు మాత్రం తెలియడం లేదు. ఎలా మాట కలపాలి?

కాలువగట్టు (ప్రస్తుతం అనంతపురం)

నమస్తే అండి. మాది కోనసీమ. బ్యాంకు ఉద్యోగం, బదిలీ మీద అనంతపురం వచ్చి ఎనిమిది నెలలైంది. నా పని ఎక్కువగా డ్వాక్రా సంఘాల అప్పులు, పంట రుణాలు. అంటే రోజూ ఊళ్లు తిరగాలి, రోజుకు ఏడెనిమిది ఇళ్ల గడప ఎక్కి దిగుతాను. ఎవరికి ఎన్ని ఎకరాలు, ఎవరి కంతు ఏ నెలలో ఆగింది, ఎవరి గొలుసు తాకట్టులో ఉంది, అన్నీ తెలుసు. మనుషులు మాత్రం ఒక్కరూ తెలియదు. సాయంత్రం గదికి వచ్చాక ఎవరితోనైనా కాసేపు మాట్లాడదామనిపిస్తే ఈ ఊళ్లో నాకు ఒక్క పేరు తట్టదు.

పోయిన నెల కళ్యాణదుర్గం వైపు ఒక ఊరికి పంట రుణం రెన్యువల్ పని మీద వెళ్లాను. కోడలు కాగితాలు తెస్తానని లోపలికి వెళ్లింది, నేను బయట కూర్చున్నాను. గోడకు ఒకే మేకుకు పాత క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి తగిలించి ఉన్నాయి, దిండంత లావు. పైదాని మీద కొన్ని తేదీల పక్కన పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. 'జల్లు' అని ఒకచోట, 'పదును' (విత్తేంత తడి) అని ఇంకోచోట, 'మబ్బు పట్టి పోయింది' అని నాలుగైదు చోట్ల, మిగతాదంతా ఖాళీ. "ఇవేంటి తాతగారూ?" అన్నాను, అంతే. అప్పటిదాకా మంచం మీద అటు తిరిగి పడుకున్న పెద్దాయన లేచి కూర్చున్నారు.

ముప్పావుగంట చెప్పారండి. ఇరవై రెండేళ్ల వానలు ఆ గోడ మీద ఉన్నాయట. మృగశిర కార్తెలో ఎన్ని, ఆరుద్రలో ఎన్ని, ఏ ఏడాది పునర్వసులో విత్తనం పడింది, ఏ ఏడాది సరిగ్గా వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు చినుకు లేక చేను ఎండిపోయింది, ఒక్కో క్యాలెండర్ తిప్పి చూపించారు. నైరుతి మబ్బులను పడమటి కనుమలే ఆపేస్తాయి, తూర్పు సముద్రం దూరం, మధ్యలో మా జిల్లా ఉండిపోయిందమ్మా అన్నారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే చోట ఒక్కో వాన ఒక్కో చుట్టంలాగా గుర్తుంటుందని నాకు అప్పుడే అర్థమైంది. మా వైపు కాలువలో నీళ్లు వస్తాయి, మడిలోకి పెట్టుకుంటాం, ఏ రోజు వాన పడిందో రాసుకునే ఇల్లు నేను చూడలేదు. ఆ కోడలు కూడా గుమ్మంలో నిలబడి వింటూ ఉంది, "మా మామ ఇంతసేపు మాట్లాడి శానా దినాలైంది మేడం" అంది.

నా ప్రశ్న ఇది. ఆ ఒక్క ఇంట్లో క్యాలెండర్లు కనబడ్డాయి కాబట్టి సరిపోయింది. మిగతా చోట్ల ఎలా మొదలుపెట్టాలి? ఇంటి సంగతులు, వాళ్లకు ఇష్టమైనవి అడిగితే ఎంక్వైరీకి వచ్చాననుకుంటారేమో అని టెన్షన్. చేతిలో అప్పు ఫైలు పెట్టుకుని అడగడం అసలు తప్పా?

మగ్గం_ఇల్లు (ధర్మవరం)

అక్కా, మీరు రాసింది చదివి ఆగలేక రాస్తున్నా. మాది ముందు గదిలోనే గుంత మగ్గం ఉన్న ఇల్లు. ఎవరు వచ్చినా మొదట మగ్గాన్నే చూస్తారు. చీరల కోసం బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు, ప్రాజెక్టులని వచ్చే కాలేజీ పిల్లలు, అందరివీ అవే నాలుగు ప్రశ్నలు: చీరకు ఎన్ని దినాలు, కూలి ఎంత, జరీ యాడిది, మీ పిల్లోళ్లు కూడా ఇదే పని చేస్తారా. మా నాన్న తల ఎత్తకుండానే జవాబు చెబుతాడు, చేతులు నాడె (పోగును అటూ ఇటూ తీసుకుపోయేది) తోస్తూనే ఉంటాయి. వచ్చినవాళ్లు నేతగాడిని చూసినామని సంతోషంగా పోతారు. మా నాన్నను మాత్రం చూడలేదు వాళ్లు.

ఎందుకంటే ఆయనకు మగ్గం బతుకుదెరువు, ప్రాణం చెక్కభజన. చిన్నప్పుడు వాళ్ల ఊరి గుడి ముందర గురువు నేర్పించినాడంట, పొలం పనులు అయిపోయినాక రాత్రిళ్లు, నెలల తరబడి. రెండు చేతుల్లో చెక్కలు పట్టుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, పదిహేను ఇరవై మంది గుండ్రంగా తిరుగుతూ ఎగిరి అడుగు వేస్తారు, గురువు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఒక్కడు అడుగు తప్పితే వరుస మొత్తం చెదిరిపోతుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, మగ్గం మీద కూర్చుని కూర్చుని నడుం నొప్పి అని మాత్రలు మింగే మనిషి, ఆ చెక్కలు చేతికి తగిలితే ఎట్ల ఎగురుతాడో మీరు చూడాల.

ఇది బయటి మనిషి ఒకాయనకు ఎట్ల తెలిసిందో చెబుతా. కరెంటు మీటర్ రీడింగ్‌కు వచ్చినాయన. పైన అటక మీద వేలాడే చెక్కలు చూసి "ఇవి ఎవరివన్నా, కట్టి చాలా దినాలైనట్టుందే" అన్నాడు. మా నాన్న మగ్గం ఆపినాడక్కా. మగ్గం ఆపడం అంటే మా ఇంట్లో చిన్న సంగతి కాదు. ఇప్పుడు ఆ మీటరాయన మా ఇంట్లో పెండ్లికీ వస్తాడు, చావుకీ వస్తాడు.

మా అమ్మ సంగతి ఇంకొకటి. రాట్నం ముందర కూర్చుని కండెలు చుట్టే మనిషి అనే అందరికీ తెలుసు. ఆమెకు రేడియో. ఆకాశవాణి కడప కేంద్రానికి ఉత్తరాలు రాసేది, ఆమె పేరు రేడియోలో చదివితే పైకి ఏమీ అనదు, ఆ పూట పప్పులో తాలింపు ఎక్కువ పడుతుంది, అంతే. అందుకని మీరు పని గురించి కాకుండా, పని ఆపినాక ఏం చేస్తారో అడగండి. నాకు తెలిసిన ఉపాయం ఇదొక్కటే.

బుడ్డలమూట (గుత్తి)

ఊరిబిండి గురించి అడగండి మేడం, అదే మా వేరుశనగ పచ్చడి. మీ ఇంట్లో బుడ్డలు (వేరుశనగలు) వేయించి నూరుతారా, పచ్చిమిరపా ఎండుమిరపా, టమోటా వేస్తారా లేదా. ఒకే వీధిలో నాలుగిళ్లలో నాలుగు రకాలు. అత్త ఒకటి చెబుతుంది, కోడలు ఇంకోటి చెబుతుంది, మీరు మధ్యలో సంగటి ముద్ద పట్టుకుని కూర్చుని ఉంటారు. నిజంగానే చెబుతున్నా, మా ఇంట్లో అద్దెకున్న టీచరమ్మ మాకు ఇట్లనే దగ్గరైంది.

మిద్దెమీద_గాలి (కడప)

అమ్మా, నేను రిటైరైన బడి అయ్యవారిని. మీ ప్రశ్నలో 'ఎనిమిది నెలలు' అని చూసి ఈ మాట చెప్పాలనిపించింది. మా పక్కింటాయన ఆటో తోలుతాడు. తొమ్మిదేండ్లు గోడకు గోడ ఆనుకుని ఉండి కూడా "బాగున్నారా సార్", "బాగున్నాం బాషా" తప్ప మా మధ్య ఇంకో మాట లేదు. పెద్ద దర్గా ఉరుసుకు వాళ్లింట్లో వండింది మా ఇంటికి వచ్చేది, సంక్రాంతికి మా అరిసెలు వాళ్లింటికి పోయేవి, గిన్నెలు తిరిగి వచ్చేవి. మర్యాద ఉండేది, పరిచయం లేదు.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు సాయంత్రాలు మిద్దెక్కడం మొదలుపెట్టినా. అప్పుడు తెలిసింది ఆయనకు పావురాలున్నాయని. ఇనప జాలీతో గూళ్లు, ఒక్కోదానికి ఒక్కో పేరు. ఒకరోజు ఒక తెల్ల పావురం దారి తప్పి మా నీళ్ల ట్యాంకు మీద వాలింది. నేను పట్టబోతే ఆయన అక్కడి నుంచే "సార్, కదలొద్దు, కూర్చోండి, మీరు కూర్చుంటే అదే వస్తుంది" అన్నాడు. కూర్చున్నా. పది నిమిషాలు ఇద్దరం రెండు మిద్దెల మీద ఊరికే కూర్చున్నాం. అది లేచి తన గూటికి పోయింది. ముప్పై నాలుగేండ్లు పిల్లలకు కూర్చోండి అని నేను చెప్పినా, నన్ను ఒకరు కూర్చోబెట్టడం అదే మొదలు.

ఆ తర్వాత రోజూ ఆ వేళకు ఎక్కేవాణ్ణి. సజ్జలు ఎంత వేయాలి, ఎండాకాలం నీళ్లు ఎన్నిసార్లు మార్చాలి, పిల్లలున్న జంటను ఎందుకు ఎగరేయకూడదు, అన్నీ చెప్పినాడు. పావురాల నుంచి మాట ఆయన తండ్రి మీదికి పోయింది, తండ్రి నుంచి వాళ్లమ్మ మీదికి. ఆమె ప్రతి ఉగాదికీ దేవుని కడప గుడికి పోయి దండం పెట్టుకుని వస్తుందని అప్పుడు తెలిసింది. కడపలో ఇది కొత్త సంగతి కాదు, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు కదా, వెంకటేశ్వరస్వామి తమకు అల్లుడు అని ఉగాది నాడు ముస్లింలు ఆ గుడికి రావడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కానీ గోడ అవతల ఉన్న అమ్మ కూడా ఆ వరుసలో నిలబడుతుందని నాకు తొమ్మిదేండ్లు తెలియలేదు. ఈ సంగతి ఇప్పటికీ నన్ను బాధ పెడుతుంది.

ఎనిమిది నెలలకే మీకు ఈ వెలితి తెలిసింది. నాకంటే ముందున్నారు. వెళ్లండి, అడగండి, తొందరపడకుండా కూర్చోండి.

తొలకరి (కర్నూలు)

పైన అందరూ అడగండి అడగండి అంటున్నారు, నేను కొంచెం వేరే మాట చెబుతాను, ఏమీ అనుకోవద్దు.

మా అవ్వ రోట్లో కారం దంచుతుంటే ఒకమ్మాయి వచ్చి చాలా ప్రేమగా మాట్లాడి, వీడియో తీసుకుని పోయింది. ఎందుకో చెప్పలేదు. పది రోజులకు మా బంధువు ఒకాయన ఫోన్‌లో చూపించినాడు, కింద ఎవరెవరో మా అవ్వ చీర గురించి, ఇంటి గోడల గురించి ఏవేవో రాసినారు. మా అవ్వకు చదువు రాదు, కానీ నవ్వుతున్నారని అర్థమైంది. ఆ తర్వాత కొత్తవాళ్లు వస్తే లోపలికి పోయి తలుపు వేసుకుంటుంది. కాబట్టి అక్కా, ఫోన్ బ్యాగులోనే ఉండనివ్వండి. అప్పు పని ఉన్న రోజు ఇంటి ముచ్చట్లు అడగవద్దు, పాపం ఇష్టం లేకపోయినా జవాబు చెప్పాల్సి వస్తుంది వాళ్లకు, ఎందుకంటే సంతకం మీ చేతిలో ఉంది. ఫైలు లేని రోజు, సెలవు దినం పోండి. 'మీ హాబీలేంటి' అని కూడా వద్దు, పొద్దున ఐదు గంటలకు లేచే ఆడమనిషికి ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఊరు పేరు అడిగి, ఇంటిపేరు అడిగి, తిప్పి తిప్పి కులం దగ్గరికి వచ్చేవాళ్లను మేము చిన్నప్పటి నుంచి చూస్తున్నాం, మీరు ఆ దారిలో మొదలుపెడితే అక్కడే తలుపు పడుతుంది.

ముందు మీ గురించి చెప్పండి. మీ ఇల్లు, మీ కాలువ, మీ అమ్మ. తీసుకోవడమే కాదు, ఇవ్వాలి కూడా.

ఇంతా చెప్పి మా మామ సంగతి చెప్పకపోతే నాకే బాగుండదు. మా మేనమామ ప్రతి ఏడూ తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లోకి వజ్రాలు వెతకడానికి పోతాడు. ఇరవై ఏళ్లలో ఆయనకు దొరికింది లేదు. ఇంట్లో అత్త తిడుతుంది, ఊళ్లో నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. పోయినేడు సెలవుల్లో ఆయన వెంట పోయినా. పొద్దున తడి నేల మీద ఎండ ఏటవాలుగా పడే వేళ వంగి వంగి నడుస్తాడు, మెరిసే రాయి కనబడితే ఒడిలో వేసుకుంటాడు. మధ్యాహ్నం సద్ది మూట విప్పడానికి ఎర్రగుడి బండల దగ్గరికి తీసుకుపోయినాడు, అశోకుడి శాసనాలున్న చోటికి. ఒక బండ మీద కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకు రాసినారు. మా మామ వేలితో చూపిస్తూ "మడక సాలు తిరిగినట్టు లేదూ" అన్నాడు, నాగలి చాలు అని. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. బ్రాహ్మీ అక్షరాలు ఒక్కటీ చదవలేడు, కానీ ఏ వరుస ఎటు పోతుందో తెలుసు, ఇన్నేళ్లుగా అక్కడ కూర్చుని అన్నం తిన్నాడు కాబట్టి. వజ్రం కోసం అని మేము అనుకున్నాం. అక్కడ ఆయనకు గుంటూరు నుంచి, బళ్లారి నుంచి ఏటేటా వచ్చే స్నేహితులున్నారు, ఒకరి ఇంటి కష్టాలు ఒకరికి తెలుసు. మేనకోడలినై ఉండి ఇరవై ఆరేళ్లకు తెలుసుకున్నాను నేను ఆయన్ను. మీరు కొత్తవాళ్ల గురించి అడిగినారు, మా ఇంట్లోవాళ్లే నాకు కొత్తవాళ్లు.

కాలువగట్టు

అందరికీ థాంక్స్ అండి. తొలకరి గారూ, మీ మాట గట్టిగా తగిలింది, ఫైలు విషయం నిజమే. నిన్న ఆదివారం, ఫైలు లేకుండా, ఫోన్ బ్యాగులో పెట్టి ఆ క్యాలెండర్ల ఇంటికి వెళ్లాను. బస్సు దిగాక రెండు కిలోమీటర్లు నడిచాను. "ఈరోజు బ్యాంకు లేదు కదా మేడం" అని కోడలు కంగారు పడింది. ఊరికే వచ్చాను, అమ్మ పూతరేకులు పంపింది, తాతగారికి ఇద్దామని, అన్నాను. కాసేపు నమ్మలేదు.

ఈసారి నేను చెప్పాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని, అక్కడి నుంచి కాలువలు చీలి మా మడి దాకా వస్తాయని, చిన్నప్పుడు కాలువ కట్టేసే నెలలో బురదలో చేపలు పట్టేవాళ్లమని. తాతగారు ఒకటే అడిగారు. "వాన ఎప్పుడొస్తుందో ఎదురుచూడకుండా విత్తనం వేస్తారామ్మా మీరు?" వేస్తాం అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు ఆయన. తర్వాత, "మరి మబ్బు పడితే మీకు ఏమనిపిస్తుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదండి. వడియాలు తీయాలి అనిపిస్తుంది, అన్నాను. కోడలు నవ్వింది, ఆయనా నవ్వారు.

బయల్దేరే వేళకు నాలుగు చినుకులు పడ్డాయి. ఆయన పెన్సిల్ నా చేతికిచ్చి ఈరోజుది నువ్వు రాయి అన్నారు. 'జల్లు' అని రాశాను. చూసి, కొట్టేయించారు. అది జల్లు కాదట, తుంపర. జల్లు అంటే దుమ్ము అణగాలట.

మగ్గం_ఇల్లు (ధర్మవరం)

అక్కా, వచ్చే శనివారం రాత్రి మా వీధి గుడి ముందర భజన ఉంది, మా నాన్న ఈ మధ్య మళ్లీ పిల్లోళ్లకు నేర్పిస్తున్నాడు. అనంతపురం నుంచి సాయంత్రం బస్సెక్కితే గంటలో వచ్చేస్తారు. రాత్రి మా ఇంట్లోనే పడుకోవచ్చు, పొద్దున పంపిస్తాం. తినేసి రావద్దు, సంగటి చేయిస్తున్నా. ఊరిబిండిలో టమోటా వేస్తాం మేము, ముందే చెబుతున్నా.