బస్తాల బండి తొయ్యాలా, లాగాలా?

కాశీబుగ్గ_సూపర్‌వైజర్:
మాది జీడిపప్పు యూనిట్. పిక్కల బస్తా 80 కేజీలు. కళాసీలు నాలుగు చక్రాల బండిని ఒంటిచేత్తో వెనకాల లాక్కొస్తున్నారు, మడమలకి కొట్టుకుంటోంది. తొయ్యమంటే "ముందేటుందో కనపడదు బాబూ" అంటారు. మీ దగ్గరెలా?

నెల్లిమర్ల_మిల్లు:
తొయ్యడమే. ఒంటిచేత్తో లాగితే భుజం కూడా పోతుంది. కనపడలేదంటే తప్పు వాళ్లది కాదన్నా, పేర్చిన ఎత్తుది. కంటి ఎత్తు దాటనివ్వొద్దు, బరువైనవి అడుగున వెయ్యండి. రెండు సార్లు తిరిగితే పోయేదేం లేదు.

బొబ్బిలి_రైస్:
అన్నిచోట్లా తొయ్యడం కుదరదు. రెండు చక్రాల ట్రాలీతో ర్యాంపు ఎక్కేటప్పుడు మనిషి పైన ఉండి లాక్కోవాలి. దిగేటప్పుడు ట్రాలీ ముందు, మనిషి వెనక. ఎటు వెళ్లినా పల్లం వైపు బస్తా ఉండాలి, మనం కాదు. మా దగ్గర కొత్త కుర్రాళ్లకి ముందు ఇదే చూపిస్తాం.

పలాస_పాతకాపు:
తొయ్యడం లాగడం తర్వాత, ముందు నేల చూడండి. కటింగ్ దగ్గర జీడి నూనె కారి గచ్చు జారుతుంది. అది ఒంటికి తగిలితే పొక్కుతుంది కూడా. దానిమీద బరువు బండి తోస్తే కాలు నిలవదు. ఊక చల్లి ఊడిపించండి, చెప్పులతో కాకుండా బూట్లతో రమ్మనండి. తర్వాత చక్రాలు. గోనె పీచు ఇరుసుకి చుట్టుకుని ఒక చక్రం తిరగదు, బండి పక్కకి లాగేస్తుంది, మనం మనిషికి బలం లేదంటాం! వారానికోసారి బండి తిరగేసి పీచు కోసెయ్యాలి. బోర్మాలోకి, అంటే పప్పు ఆరబెట్టే వేడి గదిలోకి, వెళ్లే ట్రే బండికి మామూలు రబ్బరు చక్రాలు వద్దు, వేడికి పాడవుతాయి. తలుపు సందులో వేళ్లు నలగకుండా చేతులు హ్యాండిల్ లోపలి వైపే ఉంచాలి.

పైడిభీమవరం_స్టోర్స్:
మా గొడవ 200 లీటర్ల డ్రమ్ములతో. డ్రమ్ ట్రాలీ కొక్కెం అంచుకి పట్టించకుండా వాల్చేస్తారు, డ్రమ్ము జారిపోతుంది. జారితే పట్టుకోడానికి పోవద్దు, పక్కకి తప్పుకోండి.

కాశీబుగ్గ_సూపర్‌వైజర్:
థాంక్స్ అన్నా. పీచు సంగతి నిజమే, ఇప్పుడే చూశాను, రెండు బండ్లకి ఉంది. మా గచ్చంతా గతుకులు, నైలాన్ చక్రం మంచిదా, రబ్బరా?

పలాస_పాతకాపు:
గతుకులకి రబ్బరే. నైలాన్ నున్నటి నేల మీద తేలిగ్గా పోతుంది గానీ రాయి తగిలితే ఠక్కున ఆగిపోతుంది. ముందు ఆ గతుకులు పూడ్పించండి, ఓనరుగారికి సిమెంటు ఖర్చు తక్కువే.