వేడెక్కాక స్పార్క్ పోతున్న అంబాసిడర్: కాయిలా, కండెన్సరా?

పాతబండి_మార్క్3:
1489 సీసీ పెట్రోల్, ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ పాయింట్లదే (తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటు ఆపే స్విచ్చు). పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. ఇరవై నిమిషాలు నడిచాక దగ్గి ఆగిపోతుంది. అరగంట చల్లారితే మళ్లీ మామూలే. పాయింట్లు, వాటి మధ్య మంట రాకుండా చూసే కండెన్సర్ కొత్తవి. 12 వోల్టుల్ని స్పార్క్‌కి సరిపడా పెంచే కాయిల్ మార్చాలా? మారిస్తే ఏ రకం? ప్లగ్ గ్యాప్ ఎంత? స్పీడో కేబుల్ కూడా టకటకలాడుతోంది, దానికేం చెయ్యాలి?

గుంటూరు_అంబీ:
కాయిలే, అనుమానం అక్కర్లేదు. లోపలి చుట్ట వేడికి విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. ముట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత కాలుతోందా? పోయినట్టే.

టెస్ట్‌ల్యాంప్:
కాయిల్ కాలినంత మాత్రాన పోయినట్టు కాదండీ. 3 ఓమ్‌ల కాయిల్, పాయింట్లు మూసుకుని ఉంటే 4 ఆంపియర్లు లాగుతుంది. అంటే 48 వాట్లు, ఒక సోల్డరింగ్ ఐరన్ అంత వేడి. కాలక ఏం చేస్తుంది?

బండి ఆగిన ఆ నిమిషంలోనే చూడాలి, చల్లారాక చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. 12 వోల్టుల బల్బు, రెండు వైర్లు చాలు. ఒక కొస ఎర్త్‌కి, తాళం ఆన్. కాయిల్ ప్లస్ దగ్గర వెలగాలి. వెలక్కపోతే తాళం స్విచ్చో, అక్కణ్ణుంచి వచ్చే తెల్ల వైరో పోయినట్టు. తర్వాత మైనస్ దగ్గర: పాయింట్లు తెరుచుకుంటే వెలగాలి, మూసుకుంటే ఆరాలి. ఎలా ఉన్నా వెలుగుతూనే ఉంటే పాయింట్లు ఎర్త్ ఇవ్వట్లేదు. ఎలా ఉన్నా వెలక్కపోతే మైనస్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయే వైరు పీకి చూడండి. అప్పుడు వెలిగిందా, కాయిల్ చుట్ట బాగుంది, షార్ట్ డిస్ట్రిబ్యూటర్‌లో ఉంది. అప్పుడూ వెలక్కపోతేనే కాయిల్‌ని తిట్టండి.

హ్యాండిల్‌రాడ్:
ఇంత హడావిడి ఎందుకు? ఇది వేపర్ లాక్, వేడికి పెట్రోల్ ఆవిరై దారిలో అడ్డుపడుతోంది. పెట్రోల్ పంపు మీద తడి గుడ్డ వేస్తే ఐదు నిమిషాల్లో బండి కదులుతుంది. ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోల్‌తో పాత రబ్బరు పైపులు ఉబ్బిపోతున్నాయి కూడా. ముందు పైపులు మార్చండి.

టెస్ట్‌ల్యాంప్:
శీర్షికలో స్పార్క్ పోతోందని రాశారు కదా సార్. స్పార్క్ లేని బండికి తడి గుడ్డ కప్పి లాభమేంటి? ముందు డిస్ట్రిబ్యూటర్ మూత మధ్య వైరు తీసి, ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో బ్లాక్‌కి 6 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని పాయింట్లను స్క్రూడ్రైవర్‌తో తెరవండి. నీలంగా చిటుక్కుమంటే కాయిల్ దాకా అంతా సరే. పక్కన పెట్రోల్ కారుతుంటే మాత్రం ఈ పని చెయ్యొద్దు.

హ్యాండిల్‌రాడ్:
నలభై ఏళ్లుగా ఈ ఇంజిన్లే విప్పుతున్నాను. నాకు స్పార్క్ పాఠం చెప్పక్కర్లేదు.

12వోల్ట్:
ఏళ్ల లెక్క ఎందుకన్నా, రీడింగ్ చెప్పు. పాతబండి గారూ, 'కండెన్సర్ కొత్తది' అన్నారు, అక్కడే ఆగండి. ఇప్పుడు దొరికే కండెన్సర్లు డబ్బాలోంచి తీసేటప్పటికే పోయి ఉంటున్నాయి. 0.18 నుంచి 0.24 మైక్రోఫారడ్ ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించి, వేడికి లీకయ్యేవీ ఉన్నాయి. పాయింట్ల మధ్య పసుపు మంట ఎగసిపడుతుంటే దోషి అదే. పాతది పనిచేస్తుంటే దాన్నే మళ్లీ బిగించండి.

గుంటూరు_అంబీ:
అందుకే పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ కిట్ వేసుకోమనేది. గ్యాప్ గోల ఉండదు, కండెన్సర్ గోల ఉండదు.

12వోల్ట్:
ఆ కిట్ పోతే నడిరోడ్డు మీద ఏం చేస్తారు? పాయింట్లైతే ఎమరీ కాగితంతో రుద్ది, పెట్రోల్‌తో తుడిచి ఇంటికొస్తాం. ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో వదిలేస్తే కొన్ని మాడ్యూళ్లు అక్కడికక్కడే కాలిపోతాయి.

గుంటూరు_అంబీ:
తాళం ఆన్‌లో వదిలేసేవాడికి ఏదైనా కాలుతుంది బాస్. పాయింట్లతో కాయిల్ కాలదా మరి?

12వోల్ట్:
కాలుతుంది. కానీ కాయిల్ ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

ఎర్త్‌పిన్:
మీరిద్దరూ కాసేపు ఆగండి. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లుండే కదిలే ప్లేటుకీ బాడీకీ మధ్య చిన్న అల్లిక వైరు ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. వాక్యూమ్ లాగినప్పుడల్లా ప్లేటు కదులుతుంది, ఆ వైరు వంగీ వంగీ లోపలి పోగులు తెగుతాయి. పైకి బాగానే కనిపిస్తుంది. వేడెక్కితే ఆ పోగులు ఇంకా విడిపోతాయి. పాయింట్లు మూసి, వోల్టు మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది కాయిల్ మైనస్‌కి. 0.2 వోల్టులు దాటకూడదు. దాటితే రెండో కొసను కదిలే ప్లేటు మీద పెట్టండి. ప్లేటు మీదా అంతే చూపిస్తే ఎర్త్ పోయింది. ప్లేటు సున్నా అయితే పాయింట్లకి మురికి పట్టింది. కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా పూసే నూనె పొర కూడా ఇదే పని చేస్తుంది. వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చి ప్లేటు కదుపుతూ చూడండి.

టైమింగ్_మార్క్:
కాయిల్ రకం ఎవరూ చెప్పలేదు. బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్ కరెంటు తగ్గించేది) లేని బండికి 3 ఓమ్‌లదే. ఎవరైనా 'స్పోర్ట్స్' అని 1.5 ఓమ్‌లది అంటగడితే 8 ఆంపియర్లు పోతాయి, పాయింట్లు నీలంగా మాడతాయి. పాయింట్ల గ్యాప్ 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ప్లగ్ 25 థౌ. గ్యాప్ మారిస్తే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా మారుతుంది, మళ్లీ చూసుకోండి. మూత కింద తిరుగుతూ స్పార్క్ పంచే రోటర్ అపసవ్య దిశలో తిరుగుతుంది కాబట్టి డిస్ట్రిబ్యూటర్‌ని సవ్య దిశలో తిప్పితే అడ్వాన్స్, అంటే స్పార్క్ ముందే పడుతుంది. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లకి స్పార్క్ అందే వరస) 1-3-4-2 అని తెలిసి కూడా ప్లగ్ వైర్లు మూతకి సవ్య దిశలో పెట్టి బండి స్టార్ట్ కాలేదని ఏడ్చేవాళ్లు బోలెడుమంది.

పాతబండి_మార్క్3:
ఇప్పుడే బండి ఆగింది, చూశాను. పాయింట్లు మూసి కాయిల్ మైనస్ దగ్గర 1.9 వోల్టులు. ప్లేటు మీద 1.8. పీల్చి కదిపితే 6 దాకా ఊగుతోంది. మధ్య వైరు దగ్గర స్పార్క్ ఎర్రగా, నీరసంగా ఉంది.

ఎర్త్‌పిన్:
అదే. ఆ అల్లిక వైరు మార్చండి. దొరక్కపోతే సన్న పోగుల మెత్తని వైరు టంకం పెట్టండి, కానీ టంకం రెండు కొసలకే. వైరు పొడవునా పాకితే గట్టిపడి నెలలో విరుగుతుంది. కాస్త వదులుగా వంపు ఉంచండి, షాఫ్ట్‌కి తగలకూడదు.

గుంటూరు_అంబీ:
కాయిల్ కూడా మార్చేస్తే ఒక పనైపోతుంది.

12వోల్ట్:
😂 మారదు ఈయన. పనిలో పనిగా రోటర్ చూడండి, మధ్యలో రివెట్ ఉన్న రకమైతే స్పార్క్ ఆ రివెట్ గుండా షాఫ్ట్‌లోకి దిగిపోతుంది. మూత తీసి కాయిల్ వైరును రోటర్ ఇత్తడికి 3 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని పాయింట్లు తెరవండి. స్పార్క్ దూకితే రోటర్ లీకు.

హ్యాండిల్‌రాడ్:
సరే, ఎర్త్ అనే అనుకుందాం. తడి గుడ్డ మాత్రం డిక్కీలో ఉంచుకోండి.

మీటర్‌బోర్డ్:
స్పీడో కేబుల్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మీటరు వైపు విప్పి లోపలి తీగ బయటికి లాగండి. పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగి, పల్చగా గ్రీజు రాయండి, మీటరు వైపు చివరి 20 సెంటీమీటర్లకి మాత్రం రాయొద్దు. రాస్తే మీటర్లోకి పాకి ముల్లు పిచ్చిగా ఊగుతుంది. మధ్యలో ఎక్కడైనా పదునుగా వంగి ఉంటే ఎంత రాసినా ఆ టకటక పోదు.